చెవుల మేనరికం

కర్నూలు పట్టణం ముందు ప్రస్తుతం చాలా సమస్యలు ఉన్నాయని గిట్టనివారు చెబుతుంటారు. వేసవి వచ్చేసరికి తుంగభద్రలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువగా కనిపించడం, ధర లేని ఏడు రైతు తన ఉల్లిగడ్డను యార్డులోనే వదిలి వెళ్లిపోవడం వంటివి వారు ఉదాహరణగా చూపిస్తారు. వాటి సంగతి తరువాత చూసుకోవచ్చు. 1953 అక్టోబర్ 1 నుంచి మూడేళ్లపాటు గుడారాలు వేసుకుని మరీ ఒక రాష్ట్రాన్ని నడిపించిన ఊరు ఇది. అటువంటి ఊరు, ఫోన్‌లోని పాట తీగ లేకుండా చెవిలోకి ఏ కోడెక్ ఎక్కి రావాలి, అంటే ఏ పద్ధతిలో కుదించుకుని రావాలి, ఆ చెవిలో ఎవరి చిప్ కూర్చోవాలి అనే విషయం మీద ఇంతవరకూ ఒక్క తీర్మానమైనా చేయకపోవడం నాకు తీవ్రమైన ఆవేదన కలిగిస్తోంది.

ఈ ఆవేదనకు ఇంటి కారణం కూడా ఉంది. మా మేనల్లుడూ మా బావమరిదీ మూడు వారాలుగా మాట్లాడుకోవడం లేదు. పొలం గట్టు తగాదా అయితే సర్వేయరును పిలిపించి గొలుసు వేయించేవాణ్ణి. ఇది కోడెక్ తగాదా కాబట్టి ఏ శాఖకు అర్జీ పెట్టుకోవాలో తెలియడం లేదు. రాజ్‌విహార్ దగ్గర మేము రోజూ సాయంత్రం చేరే టీ బంకులో రెండు బెంచీలుంటే ఒకదాని మీద ఒకడు, రెండోదాని మీద ఇంకొకడు కూర్చుంటున్నారు. మధ్యలో మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకుని నేను నిలబడుతున్నాను.

తగాదా మూలం అర్థం కావాలంటే మార్కెట్ యార్డుకు వెళ్లాలి. సీడీలో ఉన్న పాట సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసి, ఎడమ చెవికీ కుడి చెవికీ విడివిడిగా దాచిన సరుకు. లెక్క వేస్తే సెకనుకు 1,411 కిలోబిట్లు అవుతుంది. ఇది ఒక లారీ ఉల్లిగడ్డ అనుకుందాం. బ్లూటూత్ అనేది ఆటో. లారీ సరుకును ఆటోలో సర్దాలంటే కొంత దింపేయక తప్పదు. ఏది దింపాలో, ఏది ఎక్కించాలో నిర్ణయించే హమాలీ పేరే కోడెక్. ఏఏసీ వంటి తెలివైన హమాలీ, పెద్ద శబ్దం పక్కన వినిపించే చిన్న శబ్దాన్ని చెవి ఎటూ పట్టించుకోదు గనుక, దాన్ని మాత్రమే గట్టున పడేస్తానని చెబుతాడు. అంటే పొట్టు తీసి గడ్డ పంపిస్తున్నానని అతని వాదన. పొట్టుతోపాటు రెండు గడ్డలు కూడా పోయాయని మా బావమరిది వాదన.

బ్లూటూత్ పేరు వెనుక ఉన్న ఆశయం మాత్రం మెచ్చుకోదగినది. చెల్లాచెదురుగా ఉన్న జనాన్ని ఏకం చేశాడని పేరున్న పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లాటాండ్ పేరును ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ సూచించాడు. 1998లో ఎరిక్‌సన్, ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా అనే ఐదు సంస్థలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. స్టీరియో పాట పంపాలనుకునే ప్రతి యంత్రానికీ ఎస్‌బీసీ అనే కోడెక్ వచ్చి తీరాలని ఆ సంఘం నియమం పెట్టింది. గోత్రం అడగని, కట్నం పుచ్చుకోని కోడెక్ అది. మంచి నాణ్యత కోసం సిఫారసు చేసిన అమరికలో సెకనుకు 328 కిలోబిట్లు మోస్తుంది. అందరికీ వచ్చు గనుక దానికి ఎవరి దగ్గరా గౌరవం లేదు. మన ఇళ్లలో పెద్ద కోడలి పరిస్థితి కూడా ఇంతే అని మా ఆవిడ పక్కనుంచి చేర్చమంది, చేర్చాను.

ఆ తరువాత సంస్థలకు ఆస్తి బయటికి పోతుందన్న భయం పట్టుకుంది. మన సీమలో ఆ భయానికి పాతకాలపు మందు మేనరికం. పొలమూ నగలూ ఇంట్లోనే ఉండాలంటే పిల్లను మేనమామకో, మేనబావకో కట్టబెట్టడమే. ఆపిల్ సంస్థ 2016లో ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేసి, దానికి ధైర్యమని పేరు పెట్టింది. ఎవరి తీగనైనా ఇంట్లోకి రానిచ్చిన ఆ 3.5 మిల్లీమీటర్ల రంధ్రానికి కులమతాల పట్టింపు లేదన్న సంగతి దాని దినకర్మలు అయిపోయాక గాని మనకు గుర్తు రాలేదు. అదే ఏడు ఆ సంస్థ ఎయిర్‌పాడ్స్ అనే తన తీగ లేని ఇయర్‌బడ్స్ కోసం డబ్ల్యు1 అనే సొంత చిప్ తెచ్చింది. 2019లో హెచ్1, 2022లో హెచ్2 వచ్చాయి. ఇంటి ఫోన్ పక్కన డబ్బా మూత తీస్తే చాలు, తెర మీద బొమ్మ లేచి నిలబడి జత కుదుర్చుకుంటుంది. పరాయి ఫోన్ పక్కన తీస్తే ఆ మర్యాదలేవీ ఉండవు, మామూలు బ్లూటూత్‌లా పలుకుతుంది. పాట ఒక్క బిట్ కూడా నష్టపోకుండా గాలిలో ప్రయాణించే ఏర్పాటును 2023లో ప్రకటించారని విని సంతోషించాను. ఇటు హెచ్2 ఉన్న కొత్త ఎయిర్‌పాడ్స్ ప్రో, అటు హెచ్2 ఉన్న విజన్ ప్రో అనే 3,499 డాలర్ల కళ్లజోడు ఉంటేనే అది సాధ్యమని తెలిసి నా సంతోషాన్ని వాయిదా వేసుకున్నాను. రెండు వైపులా ఒకే తాతగారి రక్తం ఉండాలన్నమాట.

తక్కిన కుటుంబాలూ ఏమీ తీసిపోలేదు. ఆప్ట్‌ఎక్స్ అనే కోడెక్ 1980లలో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. చేతులు మారి మారి, 2015లో సీఎస్‌ఆర్ సంస్థను కొన్న క్వాల్‌కామ్ అనే చిప్పుల సంస్థ ఇంటికి చేరింది. సోనీ అదే 2015లో సెకనుకు 330, 660, 990 కిలోబిట్లు అనే మూడు మెట్ల ఎల్‌డీఏసీ కోడెక్‌ను తెచ్చింది. ఇక్కడ న్యాయంగా చెప్పుకోవలసింది ఏమిటంటే, పాటను కుదించే దాని ఎన్‌కోడర్‌ను ఆండ్రాయిడ్‌కు ధారాదత్తం చేసింది. శాంసంగ్‌కు తన కోడెక్ తనకుంది. ఐఫోన్ మాత్రం ఈ రోజుకూ ఏఏసీ, ఎస్‌బీసీ తప్ప మరో వీధి వైపు తల తిప్పదు.

ఇక మా మేనల్లుడి విషయం. రెండేళ్ల కిందట మా అమ్మాయిని వాడికి ఇద్దామని మా అక్క మాట వరసకు అన్నప్పుడు, ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుడు మేనరికం వల్ల వచ్చే జన్యుదోషాల గురించి నలభై నిమిషాలు ఉపన్యసించాడు. మా అమ్మాయి అంతకంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ అభ్యుదయవాది ఇప్పుడు ఫోన్, చేతి గడియారం, ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్ నాలుగూ ఒకే ఇంటివి కొనుక్కుని, వాటి మధ్య ఉన్న అన్యోన్యతను అందరికీ చూపిస్తున్నాడు. దీన్ని ఎకోసిస్టమ్ అనాలట. మా అమ్మమ్మ కాలంలో దీన్ని అయినింటి సంబంధం అనేవారు.

బావమరిది వ్యథ వేరు. 990 అంకె మీద మనసు పడి, ఎల్‌డీఏసీ ఉన్న హెడ్‌ఫోన్‌ను నెల జీతంలో సగం పెట్టి కొన్నాడు. పాట మొదలయ్యే ముందు ఫోన్‌కూ హెడ్‌ఫోన్‌కూ పెళ్లిచూపుల వంటి తంతు ఒకటి జరుగుతుంది. మీకేమి వచ్చు అని ఇటువారు, మీకేమి వచ్చు అని అటువారు అడుగుతారు, ఇద్దరికీ వచ్చినది ఖాయం చేస్తారు, ఏదీ కుదరకపోతే ఎస్‌బీసీతో తాళి కట్టిస్తారు. తన ఫోన్‌లో ఏది ఖాయమైందో చూసుకోవడానికి బావమరిది సెట్టింగుల్లోకి వెళ్లి, బిల్డ్ నంబరును ఏడుసార్లు నొక్కాడు. ఏడుసార్లు నొక్కితేనే ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్ల తలుపు తెరుచుకుంటుంది. ఏడుకొండలవాడికి కూడా ఇంత నిష్ఠగా ఎప్పుడూ మొక్కలేదు. లోపల ఎల్‌డీఏసీ అనే ఉంది. కానీ గాలిలో రద్దీ పెరిగితే అది 330కి దిగిపోతుందని మేనల్లుడు అక్కడికక్కడే బాంబు పేల్చాడు. బ్లూటూత్, వైఫై, వంటింటి మైక్రోవేవ్ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే బజారులో తిరుగుతాయి. ఆ తొక్కిసలాట తప్పించుకోవడానికి బ్లూటూత్ 79 సందుల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది, పార్టీలు మారడంలో మన నాయకులు కూడా ఇంతవరకూ అందుకోని వేగం అది. రాజ్‌విహార్ కూడలిలో సాయంత్రం ఆరింటికి ఎంత రద్దీ ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. అంటే జీతంలో సగం పోసి కొన్న 330కీ, ఉచితంగా వచ్చే 328కీ మధ్య రెండు కిలోబిట్ల దూరం ఉంది. ఆ రెండు కిలోబిట్ల కోసమే మా ఇంట్లో మూడు వారాలుగా మాటలు లేవు.

పైగా ఆయన ఆ హెడ్‌ఫోన్‌లో వింటున్నది, పదేళ్ల కిందట ఎవరో మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చిన 128 కిలోబిట్ల ఎంపీత్రీ పాటలు. ఈ మాట నేను పైకి అనలేదు. తమ్ముణ్ణి ఏమన్నా మా ఆవిడ ఊరుకోదు.

తేడా వినిపిస్తుందా లేదా అన్నది అసలు ప్రశ్న కదా అని మీరు అడగవచ్చు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం చద్దిమూటలతో వచ్చి, వంగిన నడుము ఎత్తకుండా వెతకడం మన జిల్లా వారందరికీ తెలుసు. అక్కడ ఎవరిని కదిలించినా, నిరుడు పక్క ఊరి వాడికి దొరికిందనే చెబుతారు గాని తమకు దొరికిందనరు. కోడెక్ తేడా కూడా అటువంటి నిధే. దొరికినవాళ్లు లేకపోలేదు. నిశ్శబ్దమైన గది, మంచి హెడ్‌ఫోన్, పాతికేళ్ల చెవి ఉంటే కొందరు పట్టుకుంటారు. నా విషయానికి వస్తే, మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ వరకూ వినిపిస్తుందని పుస్తకాల్లో ఉన్నా, వయసుతోపాటు పై మెట్లు ఒక్కటొక్కటే కూలిపోతాయి. అరవై దాటిన నా చెవులకు ఏ కోడెక్ దింపేసిన సరుకూ చేరదు, ఎక్కించిన సరుకులో కొంతా చేరదు. అందుకే ఈ తగాదాకు నాకంటే నిష్పక్షపాతమైన పెద్దమనిషి దొరకడని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఎల్‌సీ3 అనే కొత్త ఉమ్మడి కోడెక్ 2020లో ప్రకటితమైంది కదా, ఇద్దరూ దాని మీద రాజీ పడండని నేను తీర్పు చెప్పబోతుండగా, టీ బంకు అతను గ్లాసులు కడగడం ఆపి మా దగ్గరికి వచ్చాడు. అతని కుడి చెవిలో ఒక ఇయర్‌బడ్ ఉంది. ఎడమ చెవిది నిరుడు బంకు ముందరి మురుగు కాలువలో పడిపోయింది. స్టీరియో పాటలో సగాన్నో, రెండూ కలిపిన మొత్తాన్నో అతను ఏడాదిగా ఒంటి చెవితో వింటూ, రెండో చెవిని గిరాకీ కోసం ఖాళీగా ఉంచుకున్నాడు.

“సారూ, ఈ ఎడం చెవిది ఒకటే యాడన్నా అమ్ముతారా?” అని అడిగాడు.

“నీ కంపెనీ వాళ్లు అమ్మరన్నా, జత కొనాల్సిందే. మా దాంట్లో అయితే ఒక్కటి కూడా ఇస్తారు” అని మేనల్లుడు ఛాతీ విరిచి, ఆ ఒక్కదాని ధర చెప్పాడు. టీ అతను మాట్లాడకుండా పాలగిన్నె వైపు చూశాడు.

“మా దాంట్లో అంట. వాటా ఏమైనా రాసిచ్చినారా వీడికి?” అని మా బావమరిది, మూడు వారాల తరువాత మొదటిసారి మేనల్లుడి ముఖంలోకి చూస్తూ అన్నాడు. ఆ తరువాత ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు.

టీ అతను ఉన్న ఒక్క ఇయర్‌బడ్‌ను సరిచేసుకుని, ఖాళీ చెవిని నా వైపు తిప్పాడు.

“మూడు అల్లం టీ, ఒకటి చక్కెర లేకుండా. అంతే గదా సారూ?”