పాయింట్ల గోలేనా?

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి టమికా క్యాచింగ్స్ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది గానీ, సగం ఆవిడ వేసిన పాయింట్ల గోలే! అక్కడి ఆడవాళ్ల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఐదుసార్లు ఉత్తమ డిఫెండర్, రిటైరయ్యేనాటికి 1,074 స్టీల్స్‌తో, అంటే ఎదుటి జట్టు నుంచి బంతి లాక్కోవడంలో, లీగ్ రికార్డు. ఇదంతా ఒక్క వాక్యంలో తేల్చేశారు. పుట్టుకతో వచ్చిన వినికిడి లోపం సంగతీ అంతే.

మా పర్లాకిమిడిలో సాయంత్రం గ్రౌండుకొచ్చే ఆడపిల్లలకి డిఫెన్స్ గురించి, అంటే ఎదుటివాళ్లని అడ్డుకోవడం గురించి, నేను రోజూ చెప్పేదే: బంతి కేసి కాదర్రా, ఎదుటి పిల్ల నడుం కేసి చూడండి. కళ్లు, భుజాలు మోసం చేస్తాయి, నడుం చెయ్యదు. మోకాళ్లు వంచి, కాళ్లు కలవకుండా పక్కకి జరగాలి. అది నేర్పబోతే మొహాలు ముడుచుకుంటారు, షాట్లంటే మాత్రం ఎగబడతారు.

2012లో క్యాచింగ్స్ జట్టు ఇండియానా ఫీవర్ లీగ్ గెలిచినప్పుడు ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో ఉత్తమ క్రీడాకారిణి) ఈవిడే. ఆ సీజన్ మీద ఇంకో భాగం రాయండి సార్, పిల్లలకి చదివి వినిపిస్తాను. ఒడియా బడి చదువులు కదా, తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు వాళ్లకి.