6 నెలల సర్టిఫికెట్‌తో రిజిస్టర్డ్ నర్సు కాలేరు

ఇంటర్ పూర్తిచేసిన పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. వృద్ధుల సంరక్షణకు నాలుగేళ్ల నర్సింగ్ చదువు దండగ అనీ, 6 నెలల కోర్సు చేస్తే రిజిస్టర్డ్ నర్సుగా చేరవచ్చనీ, తినిపించడం, స్నానం చేయించడం తప్ప అక్కడ నర్సుకు వేరే పని ఉండదనీ, వృద్ధాశ్రమంలో చేరితే చదివిన చదువు తుప్పు పడుతుందనీ, జర్మనీ అయితే భాష రాకపోయినా తీసుకుంటుందనీ దాని సారాంశం. చాలా ఏళ్లుగా వృద్ధుల మధ్యనే పనిచేస్తున్న నర్సుగా ఇందులోని ఒక్కో మాటకూ జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదట హోదా సంగతి. రిజిస్టర్డ్ నర్సు అనే పేరు చట్టం ఇచ్చేది; ఏ శిక్షణ సంస్థకూ దాన్ని ఇచ్చే అధికారం లేదు. 1947 చట్టంతో ఏర్పడిన భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం, ఇంటర్ తర్వాత 3 ఏళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) గానీ 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ గుర్తింపు ఉన్న సంస్థలో చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారే ఆ హోదాకు అర్హులు. 2 ఏళ్ల ఏఎన్‌ఎం (సహాయక నర్సు, మంత్రసాని కోర్సు) చదివినవారి పేర్లు కూడా కౌన్సిల్‌లో నమోదవుతాయి గానీ అది వేరే వర్గం. రెండేళ్ల చదువుకే దక్కని హోదా ఆరు నెలలకు దక్కుతుందని చెప్పడం పచ్చి అబద్ధం. ఆ చిన్న కోర్సులను నేను తీసిపారేయడం లేదు. వాటితో తయారయ్యే సహాయకులు, అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్లు, హోం హెల్త్ ఎయిడ్లు లేకపోతే ఏ వృద్ధాశ్రమమూ ఒక్క పూట గడవదు. సహాయకుల కోర్సును నర్సు కోర్సుగా చెప్పి, అమ్మ మెడలోని గొలుసు తాకట్టు పెట్టించి ఫీజు కట్టించుకోవడమే నన్ను బాధించే విషయం.

ఇక తినిపించడం, స్నానం చేయించడం తప్ప పనేమీ ఉండదన్న మాట. నేను చూసుకున్నవారిలో 79 ఏళ్ల మామ్మగారు ఒకరు ఉండేవారు. రోజూ నన్ను చూడగానే "పాలు వచ్చాయా అమ్మాయ్?" అని అడిగేవారు. ఒక ఉదయం ఆ ప్రశ్న లేదు. ఎప్పుడో పోయిన చెల్లెలి పేరుతో నన్ను పిలిచి, దుప్పటి అంచును వేళ్లతో లాగుతూ ఉండిపోయారు. జ్వరం లేదు, దగ్గు లేదు. రాత్రంతా పక్కనే ఉన్న సహాయకురాలు అది పెద్దతనం వల్ల వచ్చిన మతిమరుపు అనుకున్నారు, అందులో ఆమె తప్పు కూడా ఏమీ లేదు. కానీ మతిమరుపు జబ్బు సాధారణంగా నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. నిన్న లేని అయోమయం ఇవాళ కనిపిస్తే అది డెలీరియం, అంటే హఠాత్తుగా వచ్చే మానసిక అయోమయం, కావచ్చుననీ, దాని వెనుక ఇన్ఫెక్షనో, మందుల ప్రభావమో, ఒంట్లో నీరు తగ్గడమో ఉండవచ్చుననీ నర్సుకు తెలిసి ఉండాలి. ఊపిరి లెక్కపెడితే మామూలు కన్నా ఎక్కువగా, నిమిషానికి 28 సార్లు వచ్చింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో న్యుమోనియా అని తేలింది. వృద్ధుల్లో న్యుమోనియా ఇలా జ్వరం లేకుండానే రావచ్చు.

అసలు స్నానం చేయించడం కూడా ఆ సందేశం అనుకున్నంత చిన్న పని కాదు. మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర చర్మాన్ని పరీక్షించడానికి అంతకు మించిన సమయం దొరకదు. వేలితో నొక్కినప్పుడు ఎర్రదనం తెల్లబడకపోతే పడకపుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటిపై ఆ ఎరుపు కనిపించకపోవచ్చు కాబట్టి వేడినీ గట్టిదనాన్నీ అరచేత్తో పోల్చి తెలుసుకోవాలి. మంచాన పడ్డ వృద్ధులను క్రమం తప్పకుండా పక్కకు తిప్పడం వల్ల ఈ పుండ్లను నివారించవచ్చని 1962లో ప్రచురితమైన అధ్యయనంలో చూపినవారిలో ముఖ్యురాలు డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు. ప్రమాదాన్ని ముందే అంచనా వేయడానికి 5 అంశాలతో ఆమె రూపొందించిన కొలమానం ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. తినిపించడమూ అంతే: పక్షవాతంతో మింగడం కష్టమైన మనిషికి పడుకోబెట్టి గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బీపీ మాత్రలు వాడేవారిని మంచం మీద నుంచి లేపినప్పుడు, నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, స్నానాల గదికి నడిపించే ముందే ఆగాలి, ఆ సంగతి రాసి డాక్టరుకు తెలియజేయాలి.

వృద్ధాశ్రమంలో చేరితే చదివిన చదువు తుప్పు పడుతుందన్న వాదన పై రెండు పేరాలతోనే తేలిపోయింది. నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికల్లో రిజిస్టర్డ్ నర్సుల కోసం వృద్ధుల నర్సింగ్‌లో ప్రత్యేకంగా ఒక ఏడాది డిప్లొమా ఉందని మాత్రం చేరుస్తాను.

చివరిది జర్మనీ. అక్కడ వృద్ధుల సంరక్షణకు విడిగా ఉన్న శిక్షణను, ఆసుపత్రి నర్సింగ్‌ను, పిల్లల నర్సింగ్‌ను కలిపి 2020 నుంచి 3 ఏళ్ల ఉమ్మడి చదువుగా మార్చారు. అంటే వృద్ధులను చూసుకునే నర్సు కూడా అక్కడ పూర్తి స్థాయి నర్సే. మన చదువుకు అక్కడి అధికారుల గుర్తింపు రావాలి. తేడాలుంటే వాటిని పూడ్చే అనుసరణ శిక్షణ గానీ పరీక్ష గానీ పూర్తిచేయాలి. జర్మన్ భాషలో సాధారణంగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి, చూపించాలి. భాష అక్కర్లేకపోతే విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు నెలల తరబడి జర్మన్ నేర్పించి పంపవలసిన అవసరమే ఉండేది కాదు. మామ్మగారు నన్ను చెల్లెలి పేరుతో పిలవడం వల్లే నాకు అనుమానం వచ్చింది. మ్యూనిక్‌లోని ఒక పెద్దాయన ఒక ఉదయం తడబడుతూ మాట్లాడితే, నిన్నటి ఆయన మాట అర్థమైన నర్సు మాత్రమే ఆ తేడా పట్టగలదు.