మనవడి బొంత, తాత లుంగీ

మనవడు పుట్టాడని కబురు రాగానే మా ఆవిడ వేళ్లు మడిచి లెక్క వేసింది. ఇరవై ఒకటో రోజున, కోడలి పుట్టింట్లో బారసాల. మొలతాడు, ఉగ్గుగిన్నె సరే, ఉయ్యాలలో వేయడానికి మెత్తటి నూలుచీర బొంత తీసుకెళ్లకపోతే ఎలా అంది. ఆవిడకు శుక్లాల ఆపరేషన్ అయి పది రోజులే అయింది, సూది పట్టకూడదు. నేను కుడతానన్నాను. ముప్ఫై నాలుగేళ్లు జమాఖర్చులు రాసినవాడికి గుడ్డ మీద వరసగా కుట్లు వేయడం ఒక లెక్కా?

మా అమ్మ బొంత కుట్టేటప్పుడు చీరను కోసేది కాదు, మడతలు వేసేది. ఆవిడకు లెక్కలు రావు, నాకు వచ్చు. అయిదున్నర మీటర్ల చీరను 36 అంగుళాల చొప్పున కోస్తే 6 ముక్కలు. ఇంకా అర అంగుళం మిగులు! ఆ మిగులు చూసి మురిసిపోయానే గాని, కోస్తున్నది ఏ చీరో చూసుకోలేదు. బీరువాలో కుడివైపు మూట తీయమంది మా ఆవిడ. కుడి అంటే నాకు కుడా, బీరువాకు కుడా అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలని వ్యాజ్యం. ఆరో ముక్క తెగాక ఆవిడ నల్లకళ్లద్దాలు పైకెత్తి చూసి, "అది గృహప్రవేశానికి మా అన్నయ్య పెట్టిన మంగళగిరి చీర" అంది, చాలా నెమ్మదిగా. నెమ్మదిగా అన్నందుకే భయం వేసింది. జరీ పసివాడి ఒంటికి గీసుకుంటుంది కాబట్టి నిజాం అంచులు కూడా కత్తిరించాల్సి వచ్చింది. వాటిని ఆవిడ చుట్టచుట్టి పెట్టెలో దాచుకుంది. ఎందుకని అడగలేదు.

పొరలు కదలకుండా ముందు టాకాలు వేయాలట. అంత ఓపిక ఎక్కడిది? పిన్నీసులు గుచ్చేసి, నాలుగు అంచుల నుంచీ కుట్టుకుంటూ లోపలికి వచ్చాను. మధ్యకు చేరేసరికి గుడ్డంతా అక్కడికే వచ్చి పూరీలా పొంగింది. అరచేత్తో అదిమితే ఆ పొంగు పక్కకు జరుగుతుందే గాని పోదు. "నడిమి నుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలండీ" అని చెప్పింది ఆవిడ, రెండు రోజుల మౌనం తరవాత పలికిన మొదటి మాటగా. అంతా విప్పి, నేల మీద పరిచి, నాలుగు మూలలా బియ్యం డబ్బా, రుబ్బురోలు పొత్రం, ఇత్తడి బిందె, పంచాంగాల కట్ట బరువు పెట్టి, మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి పని సాగింది. బొంత ఒళ్లో వేసుకుని, గోడకు జారగిలబడి, పొద్దుటి నుంచి ఎనిమిది వరసలు కుట్టాను. గ్యాస్ సిలిండరు కుర్రాడు తలుపు కొడితే లేచాను. నాతోపాటు బొంత కూడా లేచింది. ఎనిమిది వరసల్లో అయిదు వరసలు నా లుంగీతో కలిపి కుట్టేశాను. అవి ఎంత తిన్నగా, ఎంత దగ్గరగా పడ్డాయంటే విప్పడానికి నాకే మనసు ఒప్పలేదు. ఆ కుర్రాడు మర్యాదస్తుడు. తల దించుకుని డబ్బు లెక్కపెట్టుకున్నాడు. మెట్లు దిగాక మాత్రం నవ్వాడు, నాకు వినబడింది.

అంచుకు ఎర్ర జాకెట్టు గుడ్డ వేద్దామనుకున్నాను. పేరంటాల్లో చేతులు మారుతూ అయిదారు ఇళ్లు తిరిగి వచ్చే ఆ గుడ్డలు మా ఇంట్లో సంచీడు ఉన్నాయి. ఎందుకైనా మంచిదని తడి తెల్లగుడ్డతో రుద్దితే పారాణి పెట్టినట్టయింది. పసివాడు తడపడం ఖాయం కాబట్టి దాన్ని పక్కనపెట్టి, ఉతికి ఉతికి రంగు మాటే మరచిన నా పంచె చించి అంచు కట్టాను. నేను చేసిన ఒకే ఒక తెలివైన పని అదే.

ప్రయాణం ముందురాత్రి సూదులు లెక్కపెట్టాను. ప్యాకెట్టులో పది ఉండాలి, తొమ్మిదే ఉన్నాయి. గుండె జారిపోయింది. పసివాడి బొంతలో సూది! అంగుళం అంగుళం తడిమాను, లైటుకు ఎదురుగా పట్టి చూశాను. ఫ్రిజ్ మీది బొమ్మ అయస్కాంతానికి ఆరు పొరల అవతలిది లాగే సత్తువ లేదు. ఆవిడ రేడియో విప్పి, స్పీకరు అయస్కాంతం ఊడదీసి బొంత మీద నడిపించాను. ఒక మూల టక్కుమంది. పంచె అంచు విప్పితే వచ్చింది నేను మరచిన పిన్నీసు! ఒళ్లు జలదరించింది. సూది మాత్రం లేదు. రాత్రి రెండున్నర దాకా మళ్లీ మళ్లీ అయస్కాంతం తిప్పుతూనే ఉన్నాను.

తెల్లవారి ఆవిడ వర్జ్యం చూడడానికి గోడ క్యాలెండరు దగ్గరకు వెళ్లి, "ఏమండీ, ఇదేమిటి?" అంది. బారసాల తేదీ గడిలో, మూరెడు దారంతో సహా, గుర్తుగా ఉంటుందని నేనే గుచ్చిన సూది.

ఇక మేలుకొలుపు వినాలని ఆవిడ రేడియో కోసం వెనక్కి తిరిగింది.