మందం పెరిగిన మోసం

బిల్లింగ్ కౌంటర్ల పక్కన ఒకప్పుడు పల్చటి కవర్ల కట్టలు వేలాడేవి. ఇప్పుడు అక్కడే దళసరి సంచుల దొంతరలు వెలిశాయి. వాటి మీద పచ్చని ఆకు బొమ్మ, 'మళ్లీ మళ్లీ వాడండి' అన్న హితవు, కింద దుకాణం పేరు. కొనేవారు ఖాళీ చేతులతో వస్తున్నారు, ఒకటో రెండో సంచులు కొంటున్నారు, ఇంటికెళ్లి తలుపు వెనక పడేస్తున్నారు, మరుసటి వారం మళ్లీ ఖాళీ చేతులతోనే వస్తున్నారు. ఈ తంతుకు పర్యావరణ హితమని పేరు పెట్టడం సిగ్గుచేటు. ప్రతిసారీ కొత్తగా కొనే సంచి ఎంత దళసరిదైనా, దాని మీద ఏం రాసి ఉన్నా, అది ఒక్కసారి వాడి పారేసే సంచే.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో పాఠకులకు తెలిసిందే. స్వీడన్ ఇంజినీరు స్టెన్ గుస్టాఫ్ థులిన్ రూపొందించిన పిడుల కవరుకు 1965లో అమెరికా పేటెంటు దక్కింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు తిరక్కుండానే, వరదల వేళ మురుగు కాల్వలను పూడ్చేస్తోందంటూ బంగ్లాదేశ్ పల్చటి పాలిథిన్ సంచిని 2002లో నిషేధించింది. అదే ఏడాది ఐర్లాండ్ దాని మీద సుంకం వేసింది. 2017లో కెన్యా జైలు శిక్ష దాకా వెళ్లింది. మిగిలిన దేశాలు తలో దారి పట్టాయి. చాలాచోట్ల చట్టం చేతికి చిక్కిన కొలత మాత్రం ఒక్కటే, మందం.

మన దేశాన్నే చూడండి. 1999లో కవరు మందం కనీసం 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలన్నారు. 2011లో 40, 2016లో 50 చేశారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు అన్నారు. దళసరి కవరైతే చెత్త ఏరేవారికి గిట్టుబాటవుతుంది, గాలికి ఎగరదు, దుకాణదారు ఊరికే పంచడు. ఈ తర్కంలో తప్పులేదు. కానీ పునర్వినియోగం ఇందులో ఎక్కడుంది? మందాన్ని కొలిచే పరికరం ఇన్‌స్పెక్టరు జేబులో ఉంటుంది. ఆ సంచి ఎన్నిసార్లు బజారుకు వెళ్లొచ్చిందో చెప్పే పరికరం ఎవరి దగ్గరా లేదు. కొలవగలిగింది కొలిచి, కొలవాల్సింది వదిలేశారు.

ఫలితం ఎలా ఉంటుందో కాలిఫోర్నియా చూపించింది. పల్చటి కవర్లను నిషేధిస్తూ 2014లో అక్కడ చేసిన చట్టం దళసరి ప్లాస్టిక్ సంచికి దారి వదిలింది. కనీసం 2.25 మిల్స్, అంటే సుమారు 57 మైక్రాన్ల మందం ఉండాలి. 22 పౌండ్ల బరువుతో 175 అడుగుల దూరం 125 సార్లు మోసినా తట్టుకోవాలి. షరతులు ఘనంగానే ఉన్నాయి. జనం మాత్రం ఆ దళసరి సంచిని పాత కవరులాగే వాడి పారేశారు. 2014లో సుమారు 1.57 లక్షల టన్నులున్న ప్లాస్టిక్ సంచుల చెత్త 2022కి 2.31 లక్షల టన్నులకు చేరింది. చివరికి 2024లో మరో చట్టం చేసి, 2026 జనవరి 1 నుంచి కౌంటర్ల దగ్గర ప్లాస్టిక్ సంచులన్నిటికీ మంగళం పాడాల్సి వచ్చింది. 125 సార్లు మోయగలగడం వేరు, 125 సార్లు మోయించడం వేరు. ఈ ముక్క అర్థం కావడానికి పదేళ్లు పట్టింది.

ఇంగ్లండ్‌ది మరో రకం తంతు. 2015 అక్టోబరులో పల్చటి కవరుకు 5 పెన్స్ వసూలు మొదలయ్యాక పెద్ద సూపర్‌మార్కెట్లలో వాటి వాడకం కుప్పకూలింది. అంతా చప్పట్లు కొట్టారు. ఈలోగా 'జీవితకాల సంచి' పేరిట అమ్మే దళసరి ప్లాస్టిక్ సంచుల లెక్క 2019లో బయటపడింది. బ్రిటన్ మొత్తం మీద ఏడాదికి 150 కోట్లు, ఇంటికి 54! ఒక్క ఇంట్లో ఏడాదికి 54 జీవితకాలాలు ఎలా గడిచాయో ఆ పేరు పెట్టినవారే చెప్పాలి.

అభ్యంతరాలు లేకపోలేదు. పని ముగించుకుని దారిలో దుకాణానికి వెళ్లేవారి చేతిలో ఎప్పుడూ సంచి ఉండదు. వాడిన సంచిలో క్రిములుంటాయన్న భయమూ ఉంది. గుడ్డసంచి తయారీకి అయ్యే నీరు, విద్యుత్తు ఎక్కువన్న వాదన ఇంకొకటి. అన్నిటికీ జవాబులున్నాయి. ఏ ఒక్కటీ ప్రతిసారీ కొత్త సంచి కొనడానికి సాకు కాదు.

గుడ్డసంచి మీద వాదననే తీసుకుందాం, ఎందుకంటే అది సగం నిజం. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో సాధారణ కవరు సగటు బరువు 8 గ్రాములు, నూలు సంచిది 183 గ్రాములు. వాతావరణం మీద పడే భారం లెక్కలో, ఒక్కసారి వాడి పారేసే కవరుతో సరితూగాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. నేయకుండా అదిమి చేసే నాన్‌వోవెన్ సంచిని 11 సార్లు, దళసరి ప్లాస్టిక్ సంచిని 4 సార్లు, కాగితపు సంచిని 3 సార్లు వాడాలి. వారానికోసారి బజారుకు వెళ్లే ఇంట్లో 131 సార్లంటే రెండున్నరేళ్లు. మంచి కుట్టున్న సంచికి అది కష్టమేమీ కాదు. డెన్మార్క్ 2018 అధ్యయనంలోని 7,100 సార్లు అన్న అంకెను పట్టుకుని గుడ్డసంచిని వెక్కిరించేవారున్నారు. ఓజోన్ పొర సహా అన్ని సూచికల్లోనూ సరితూగాలంటే కావాల్సిన అంకె అది. వాతావరణ సూచిక ఒక్కటే చూస్తే అదే అధ్యయనంలో 52 సార్లు. పైగా కాల్వల్లో, సముద్రంలో పేరుకునే చెత్తను ఆ లెక్క పరిగణించనేలేదు. అయినా ఈ అంకెలన్నీ ఒక్క మాట చెబుతున్నాయి. సంచి విలువ దాని గుడ్డలో లేదు, అది ఎన్నిసార్లు బయటికి వెళ్లిందన్న దానిలో ఉంది. సదస్సుల్లో ఊరికే పంచే నూలు సంచి బీరువాలో పడి ఉంటే, దానికంటే పల్చటి కవరే నయం. పాత దుప్పటితోనో ప్యాంటుతోనో ఇంట్లో కుట్టుకున్న సంచికి ఈ బాకీ దాదాపుగా లేదు.

అలాగైతే ఎలాంటి సంచి? ముందు నాన్‌వోవెన్ సంగతి తేల్చాలి. గుడ్డలా కనిపించే ఆ సంచి పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. అనుమానం ఉంటే అంచు నుంచి చిన్న పోగు లాగి, సింకు మీద పట్టుకుని నిప్పు అంటించండి. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పాలీప్రొపిలీన్ ముడుచుకుపోయి, కరిగి, గట్టి పూసలా మారుతుంది. ఎండలో వదిలేస్తే ఇది పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. పల్చటి రకాల్లో దారం కుట్టు ఉండదు, వేడితో అదిమి అతికిస్తారు. బరువు పెట్టగానే మొదట విడిపోయేది ఆ అతుకే. ఇప్పటికే ఇంట్లో ఉన్నవి పారేయొద్దు, చిరిగేదాకా వాడండి. కొత్తది కొనేటప్పుడు మాత్రం చూడాల్సింది పిడులు కుట్టిన చోటు. సంచి చిరిగేది మధ్యలో కాదు, అక్కడే. పిడి కొస లోపలికి మడిచి, చతురస్రంగా కుట్టి, దాని మీద అడ్డంగా ఇంటూ గుర్తులా మళ్లీ కుట్టి ఉండాలి. పిడి పట్టీ అడుగు దాకా దిగి, కిందనుంచి చుట్టి వస్తే మరీ మంచిది. బరువు గుడ్డ మీద కాకుండా పట్టీ మీద పడుతుంది. పిడులు భుజానికి తగిలించుకునేంత పొడవుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అడుగున వెడల్పు లేని సంచి బల్ల మీద నిలబడదు. నిలబడని సంచిని కౌంటరు దగ్గర తెరిచి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి, అప్పుడే విసుగు పుడుతుంది. మామూలు ఇంటికి పెద్ద సంచులు నాలుగైదు, జేబులో పట్టే మడత సంచి ఒకటి, విడి కూరగాయలకు తేలికపాటి వల సంచులు రెండు మూడు చాలు. అంతకు మించి పోగేస్తే అది వేరే వ్యసనం.

శుభ్రత విషయంలో భయం ఉండాలి గానీ అది సబ్బుతో తీరిపోయే భయం. అమెరికాలో 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో పరీక్షించిన సంచుల్లో సగం దాకా అపరిశుభ్రతకు గుర్తుగా చూసే కోలిఫాం బ్యాక్టీరియా, 8 శాతంలో పేగుల్లో ఉండే ఈకోలై కనిపించాయి. మాంసపు నీరు అంటిన సంచిని కారు డిక్కీలో రెండు గంటలు ఉంచితే క్రిములు పదింతలయ్యాయి. ఈ పని వెనక ప్లాస్టిక్ తయారీదారులున్న రసాయన పరిశ్రమ సంఘం సొమ్ము ఉందన్నది గుర్తుంచుకోవాలి. అదే పరిశోధన ఇంకో సంగతీ తేల్చింది. చేత్తో ఉతికినా, యంత్రంలో వేసినా 99.9 శాతానికి పైగా క్రిములు పోయాయి. సంచి ఉతికే అలవాటు ఉన్నది మాత్రం నూటికి ముగ్గురికే. కాబట్టి పచ్చి మాంసానికి, చేపలకు విడిగా ఒక సంచి పెట్టుకుని గుర్తు వేయండి, వాడిన ప్రతిసారీ ఉతకండి. నూలు సంచిని వేడి నీళ్లలో వేయొచ్చు. నాన్‌వోవెన్‌ను చల్లటి సబ్బునీళ్లలో చేత్తోనే ఉతకాలి. ఇస్త్రీ పెట్టె తగిలితే కరుగుతుంది. అడుగున అట్ట ఉంటే ముందు తీసేయాలి. తిరగేసి ఉతికి, కుట్ల మూలలు రుద్ది, పూర్తిగా ఆరాకే మడవాలి. తడి ఆరకుండా మడిస్తే బూజు పడుతుంది, వాసన పట్టిన సంచిని ఎవరూ మళ్లీ ముట్టరు.

ఇక మరచిపోవడం. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు మరచిపోయామని అనుకుంటాం. నిజానికి తప్పు జరిగేది అంతకు ముందు, సరుకులు సర్దుకున్నాక సంచి వంటింట్లోనే ఉండిపోయినప్పుడు. సంచి పని సరుకులు దించడంతో అయిపోదు. వెంటనే తీసుకెళ్లి గుమ్మం దగ్గర చెప్పుల పక్కనో, తాళాల కొక్కేనికో, బండికో తగిలించాలి. కారులో డిక్కీలో పెడితే దుకాణంలో సగం సరుకులు తీసుకున్నాక గుర్తొస్తుంది, ముందు సీటులో పెట్టాలి. సరుకుల జాబితాలో మొదటి పేరు సంచిది కావాలి. అయినా మరచిపోతే, సరుకులు విడిగానే ట్రాలీలో వేయించుకుని బండి దగ్గర సర్దుకోండి. ఒకసారి ఆ అవస్థ పడితే రెండోసారి మరవరు. కొత్త సంచి కొనేస్తే ఆ పాఠం ఎప్పటికీ రాదు.

మొహమాటం కూడా చాలామందిని ఆపుతోంది. పాత సంచి తీస్తే ఎవరేమనుకుంటారోనని, వరుసలో వెనకున్నవారికి ఆలస్యమవుతుందని. ఆలస్యం కాకుండా చేసే పద్ధతి ఉంది. ఖాళీ సంచులను సరుకుల కంటే ముందు కౌంటరు మీద పెట్టి, మొదటి వస్తువు స్కాన్ కాకముందే 'సంచి ఉంది' అని చెప్పేయాలి. ఆ తర్వాత చెబితే అప్పటికే కవరు విప్పేసి ఉంటారు. బరువైనవి, డబ్బాలు, సీసాలు ముందు వరుసలో పెడితే అవే అడుగుకు చేరతాయి, మెత్తనివి పైన ఉంటాయి. బిల్లు కాకుండా సొంత సంచిలో ఏదీ వేయొద్దు. దుకాణం బుట్టలోనే తిరిగితే అనుమానపు చూపులు ఉండవు. విడి సరుకులు సొంత సంచిలో తూచేటప్పుడు ముందు ఖాళీ సంచిని కాటా మీద పెట్టి సున్నా చేయమని అడగాలి, లేకపోతే సంచి బరువుకూ డబ్బు కట్టినట్టే.

దుకాణాల ద్వంద్వ నీతి దగ్గరికి వద్దాం. ఇంటినుంచి తెచ్చిన ఖాళీ సంచిని గేటు దగ్గర టోకెనిచ్చి లాక్కుంటారు. బిల్లు దగ్గరికి వచ్చేసరికి చేతిలో సంచి ఉండదు, ఎదురుగా అమ్మకానికి సంచులుంటాయి. సంచి తెచ్చినవాడికి సంచి అమ్మే విద్య ఇది! దొంగతనం భయమైతే ఖాళీ సంచి విప్పి చూసి పంపడానికి ఎంతసేపు పడుతుంది? క్యాషియర్లకు 'సంచి కావాలా?' అని అడగమని నేర్పుతున్నారు. 'సంచి తెచ్చారా?' అని అడగమంటే నష్టమేంటో మాకు తెలుసు, వారికీ తెలుసు. నిజంగా తగ్గించాలనుంటే సంచులు చేయి చాపితే అందే చోట ఉండవు. డిపాజిట్ కట్టి తీసుకెళ్లి, తిరిగిస్తే డబ్బు వాపసిచ్చే అర ఒకటి గేటు దగ్గర ఉంటుంది. ఐర్లాండ్‌లో సుంకం రాకముందు మనిషికి ఏడాదికి 328గా అంచనా వేసిన కవర్లు తర్వాత 21కి పడిపోయాయి. అక్కడ సుంకం తప్పించుకోవాలంటే సంచిని 70 సెంట్లకు తక్కువ కాకుండా అమ్మాలన్న నిబంధన పెట్టారు. చౌక సంచికి 'రీయూజబుల్' అని పేరు మార్చి తప్పించుకునే సందు మూసేశారు. మిగిలిన ప్రభుత్వాలు ఆ సందును తెరిచి ఉంచి, మైక్రాన్లు పెంచుకుంటూ కూర్చున్నాయి.

ప్రభుత్వాలు మందంతో పాటు అమ్మకాలనూ లెక్కించాలి. ప్రతి పెద్ద దుకాణం ఏటా ఎన్ని బిల్లులు వేసిందో, ఎన్ని 'రీయూజబుల్' సంచులు అమ్మిందో పక్కపక్కన ప్రకటించాలి. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ సంచి మీద ఆ మాట ముద్రించే హక్కు తీసేయాలి. కొనేవారికీ ఒక మాట. ఇంట్లో ఇరవై సంచులు పెట్టుకుని ఇరవై ఒకటోది కొంటూ, సంచికి కూడా డబ్బులా అని క్యాషియర్ మీద విరుచుకుపడటం మానండి. ఆ డబ్బు వసూలు చేస్తున్నది మీ బద్ధకం నుంచి.