ప్రజల తరఫున లండన్‌కి

ప్రజాస్వామ్యం అంటే ఏమిటి? ఊరంతా వెళ్ళి చట్టసభలో కూర్చోలేదు కాబట్టి ఊరి తరఫున ఒకరిని పంపిస్తాం. మనకు బదులు ఆయన మాట్లాడతాడు, మనకు బదులు ఆయనే కునుకు తీస్తాడు. మిగతా దేశాలు ఈ సూత్రాన్ని చట్టసభ గుమ్మం దగ్గరే ఆపేశాయి. దాన్ని ఆస్పత్రి మంచం దాకా తీసుకెళ్ళిన ఘనత నైజీరియాది. అక్కడ ప్రజల తరఫున వైద్యం కూడా నాయకులే చేయించుకుంటారు. గిట్టనివాళ్ళు ఇది అన్యాయం అంటున్నారు. రాజ్యాంగ శాస్త్రం సరిగా చదువుకోకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది.

అక్కడ అధ్యక్షుడిగా పనిచేసిన ముహమ్మదు బుహారీ గారి సంగతే చూడండి. 1983 డిసెంబర్ 31న సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టి ఆయన్ని గద్దెనెక్కించింది. ఎందుకు పడగొట్టామో బ్రిగేడియర్ సానీ అబాచా రేడియోలో చదివి వినిపించాడు. మందుల్లేక, నీళ్ళు లేక, పరికరాల్లేక మన ఆస్పత్రులు ఉత్త సలహాలిచ్చే క్లినిక్కులైపోయాయన్నది అందులో ఒక కారణం. ఆరోగ్య శాఖ మీద బెంగతో ట్యాంకులు బయటికి తీసిన సైన్యం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

అదే బుహారీ గారు 2015లో ఈసారి ఓట్లతో గెలిచి వచ్చారు. ఇక్కడ నయమయ్యే జబ్బులకు అధికారులు విదేశాలకు పోతే సర్కారు సొమ్ము ఇచ్చేది లేదని 2016 ఏప్రిల్‌లో ఆయన ప్రభుత్వం చెప్పింది. జూన్‌లో ఆయన చెవికి ఇన్ఫెక్షన్ వచ్చింది. లండన్ వెళ్ళారు. ప్రజల చెవుల్లో పువ్వులుండటం మామూలే, వాటికి వైద్యం అక్కర్లేదు. అధ్యక్షుడి చెవి అలా కాదు కదా. మరుసటి ఏడాది మే నుంచి ఆగస్టు దాకా వంద రోజులకు పైగా ఆయన అక్కడే ఉన్నారు. జబ్బేమిటో మాత్రం బయటపెట్టలేదు. పెడితే పద్దెనిమిది, ఇరవై కోట్ల మంది తమకూ అదే ఉందేమోనని టెన్షన్ పడరూ?

ఆయన తిరిగొచ్చాక, 2017 అక్టోబర్‌లో, భార్య ఆయిషా బుహారీ గారు బహిరంగ సభలోనే అడిగేశారు. అధ్యక్ష భవనం క్లినిక్‌లో ఒక్క సిరంజి కూడా లేదు, ఎక్స్‌రే మెషిన్ పనిచేయదు, తాను విదేశీయులు నడిపే ఆస్పత్రికి పోవాల్సి వచ్చింది, మరి బడ్జెట్ డబ్బంతా ఏమైందని. జనం దీన్ని కుంభకోణం అన్నారు. నాకైతే సమానత్వం కనపడింది. మారుమూల పల్లె ఆస్పత్రిలో ఏది లేదో, దేశాధ్యక్షుడి ఇంట్లోనూ అది లేదు.

2025 జులై 13న ఆయన లండన్‌లోనే కన్నుమూశారు. స్వదేశంలోనే వైద్యం చేయించుకుంటానని పట్టుబట్టి ఉంటే ఆయన ఏనాడో పోయేవారేమోనని, ఆయనకు ఎనిమిదేళ్ళు మీడియా ప్రతినిధిగా పనిచేసిన ఫెమి అడెసినా టీవీలో చెప్పారు. ఆ ఎనిమిదేళ్ళలో ఆరోగ్య రంగం మీద ప్రభుత్వం తరఫున వెలువడిన ప్రకటనల్లో ఇంత నిజాయితీగా ఉన్నది మరొకటి లేదు.

ఇక ప్రతినిధిని పంపుకున్న జనం సంగతి. కాన్పుకు వెళ్ళే ఆవిడ చేతికి చాలాచోట్ల ఒక చీటీ ఇస్తారు. గ్లవ్స్, దూది, బ్లేడ్లు, డెటాల్, నేల కడగడానికి జిక్, ఇజాల్ సీసాలు. అన్నీ కొనుక్కుని రావాలి. డాక్టర్‌ని కూడా తెచ్చుకోమనలేదు, అది మర్యాద. బిల్లు కట్టలేకపోతే తల్లినీ బిడ్డనీ ఇంటికి పంపరు. డిశ్చార్జ్ రాసేశాక కూడా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి వార్డులోనే ఉంచేస్తారు. ఉంచిన రోజులకు బిల్లు మళ్ళీ పెరుగుతుంది. ఇంత అతిథి మర్యాద మన అత్తారిళ్ళలో కూడా చూడం.

ప్రాతినిధ్యం అంటే గుర్తొచ్చింది. చిడియెబెరే ఇబే అనే నైజీరియా యువకుడు గీసిన నల్లని గర్భస్థ శిశువు బొమ్మ 2021 చివర్లో ప్రపంచమంతా తిరిగింది. వైద్య పుస్తకాల్లో తల్లీ బిడ్డా ఎప్పుడూ తెల్లగానే ఉంటారన్న సంగతి చాలామంది డాక్టర్లకు అప్పుడే తట్టిందట. పుస్తకంలో చోటు దొరికింది, ఇక వార్డులో మంచం దొరకడమే తరువాయి.

డాక్టర్లు వలసపోతున్నారన్న ఏడుపు ఒకటి. దేశం వదిలి పోవడాన్ని అక్కడ ‘జాపా’ అంటారు. 2019లో కార్మిక మంత్రి క్రిస్ ఎన్గిగే, ఆయన స్వయానా డాక్టరే, మన దగ్గర డాక్టర్లు మిగులు ఉన్నారు, పోనివ్వండి అన్నారు. 2023లో అక్కడి ప్రతినిధుల సభలో, ఐదేళ్ళు దేశంలో పనిచేస్తే తప్ప డాక్టర్‌కు పూర్తి లైసెన్స్ ఇవ్వొద్దని బిల్లు వచ్చింది. నాలుగేళ్ళలో మిగులు కాస్తా కరువైపోయింది. వైద్యం కోసం నాయకుడు దేశం దాటొచ్చు, వైద్యుడు మాత్రం దాటకూడదు. ఇద్దరూ లండన్‌లోనే ఎదురుపడితే ఎంత ఇబ్బంది!

ఆఫ్రికా దేశాధినేతలంతా 2001లో బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని ఒట్టేసుకున్నది ఎక్కడనుకున్నారు? నైజీరియా రాజధాని అబుజాలోనే. ఆ గీతను నైజీరియా ఇంతవరకు తాకలేదు. పెళ్ళి జరిపించినవాళ్ళు బంతిలో ఆఖర్న కూర్చోవాలన్న సంప్రదాయం అక్కడా ఉన్నట్టుంది.

లండన్ అందనివాళ్ళు, పొలమో ఇల్లో అమ్ముకుని ఇండియా వస్తారు. ఢిల్లీకి, చెన్నైకి, మన హైదరాబాద్‌కి కూడా. నైజీరియన్ అనగానే అద్దెకు ఇల్లివ్వడానికి వెనకాడే మనం, అదే మనిషి స్కానింగ్ ఫైలుతో కార్పొరేట్ ఆస్పత్రి కౌంటర్ ముందు నిలబడితే సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తాం. గౌరవానికి మన దగ్గర అడ్వాన్స్ కట్టాలి, అంతే తేడా.

విమర్శకుల నోరు మూయించడానికి నా దగ్గర ఒక సవరణ ఉంది. నైజీరియా రాజ్యాంగం ప్రకారం 36 రాష్ట్రాల్లో ప్రతి రాష్ట్రం నుంచీ కనీసం ఒక మంత్రి ఉండి తీరాలి. అదే నియమాన్ని రోగులకూ పెట్టేస్తే సరి. రాష్ట్రానికొక అధికారిక రోగి, సర్కారు ఖర్చుతో లండన్‌కి. గర్భిణులకు ప్రత్యేక కోటా తప్పనిసరి, ఎందుకంటే ప్రపంచంలో కాన్పు సంబంధమైన మరణాల్లో నాలుగో వంతుకు పైగా ఆ ఒక్క దేశంలోనే జరుగుతున్నాయని 2023 అంచనా. ఆ ఒక్క పని మాత్రం వాళ్ళ తరఫున ఇంకెవరూ చేసిపెట్టడం లేదు.

చిక్కల్లా ఎంపికలో ఉంది. 109 మంది ఉన్న సెనేట్‌కి 2023 ఎన్నికల్లో గెలిచినట్టు ప్రకటించిన ఆడవాళ్ళు ముగ్గురు. కాబట్టి గర్భిణుల కోటాలో విమానం ఎక్కేది కూడా అరవై దాటిన ఏ సెనేటర్ గారో అవుతారు. నెలలెన్ని అని లండన్ డాక్టర్ అడిగితే, పదవీకాలంలో ఇంకా మిగిలిన నెలలు లెక్కేసి చెబుతారు.