షరతులు రాసుకుని లొంగడం

'క్యాపిట్యులేట్' అనే ఇంగ్లిష్ మాటకి లొంగిపోవడమని మీ పత్రిక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. దాని పుట్టుక కూడా చెప్పాల్సిందండీ. లాటిన్‌లో 'కాపుట్' అంటే తల, 'కాపిటులుం' అంటే శీర్షిక. మొదట్లో ఈ క్రియకు ఒప్పందాన్ని శీర్షికల కింద అంశాలవారీగా రాసుకోవడమనే అర్థం, ఓటమి ఊసే లేదు. తర్వాతే కోట అప్పగించే షరతులకు అంటుకుంది. ఛాప్టర్, పిల్లలు పరీక్షల ముందు చేసే రీక్యాప్ కూడా ఈ ఇంటివే.

మా బొబ్బిలోళ్లకి ఇది వేరే చెప్పాలా! బొబ్బిలి వదిలేస్తే బదులుగా మరోచోట భూములిస్తామని ఫ్రెంచి సేనాని బుస్సీ బేరం పెట్టినా మా రాజు రంగారావు ససేమిరా అన్నారు. 1757 జనవరిలో ఫిరంగులు మోగాయి, కోట పోయింది, ఆయనా పోరులోనే పోయారు. షరతుల కాగితం మాత్రం లేదు.

వాడుకలో ఒక చిక్కుంది. కోటని సరెండర్ చేయొచ్చు గానీ క్యాపిట్యులేట్ చేయలేం. దేనికి లొంగారో చెప్పాలంటే పక్కన 'టు' పెట్టి శత్రువుకో, డిమాండ్లకో లొంగాల్సిందే.