పాలకూరకు ఉరి, కూల్‌డ్రింక్‌కు బెయిలు

గౌట్, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు, వచ్చిన మనిషి దగ్గరికి డాక్టరు కన్నా ముందు సలహాదారులు చేరుకుంటారు. చాలా మంచి ఆచారం, కొనసాగాలి. అర్ధరాత్రి బొటనవేలి కీలు ఎర్రగా కందిపోయి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతున్నట్టున్న మనిషికి మందెందుకు? "పాలకూర తిన్నావా?" అని గట్టిగా అడిగితే చాలు.

తిన్నాడట. ఇంకేం, కేసు తేలిపోయింది! పాలకూర, పుట్టగొడుగులు, బీన్స్, పప్పులు అన్నిటికీ ఒకటే శిక్ష. వాటిలో ప్యూరిన్లనే పదార్థాలున్నాయి, అవి ఒంట్లో విరిగి యూరిక్ యాసిడ్ అవుతాయి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కూరగాయల ప్యూరిన్లతో గౌట్ ముప్పు పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో కనబడలేదు, అసలు గొడవ కాలేయం లాంటి మాంసాలతో, కొన్ని రకాల చేపలతో, బీరుతో అని డాక్టర్లు అంటుంటారు గానీ, వాళ్లకేం తెలుసు, చదువుకున్నవాళ్లు.

ఈ తీర్పు చెప్పిన పెద్దమనిషి కుడిచేత్తో రోగి కంచంలోంచి పాలకూర తీసేస్తుంటాడు. ఎడమచేతిలో మాత్రం చల్లటి కూల్‌డ్రింక్ సీసా. అందులో ప్యూరిన్ లేదు కాబట్టి అది కడిగిన ముత్యం, రోగికి కూడా ఒక గ్లాసు పోస్తాడు. అందులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర కాలేయంలోకి వెళ్లి అక్కడే యూరిక్ యాసిడ్ పుట్టిస్తుందన్న సంగతి సీసా మీద రాసుండదు కదా, ఆయన తప్పేముంది.

ఇంకో ఇబ్బందికరమైన విషయం ఉంది. యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండొంతులు మన ఒళ్లే తయారుచేస్తుంది, చాలామంది రోగుల్లో అసలు లోపం దాన్ని సరిగ్గా బయటికి పంపలేని కిడ్నీలది. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్లలో స్ఫటికాలు కట్టడం మొదలుకావచ్చు, అందుకే 6 లోపు ఉంచమంటారు. పథ్యం ఎంత కఠినంగా చేసినా తగ్గేది మహా అయితే ఒకటి. 9 ఉన్నవాడు నోరు కట్టుకుని 8కి వస్తాడన్నమాట. మిగతాది తగ్గించడానికి 1960ల నుంచీ అల్లోప్యూరినాల్ అనే మందు ఉంది, కానీ "మందులు అలవాటైపోతాయి" అని మన పెద్దమనిషి ముందే హెచ్చరించాడు. బదులుగా కటిక ఉపవాసం చేయమన్నాడు, దానివల్ల యూరిక్ యాసిడ్ పెరిగి ఇంకో పోటు రావొచ్చు, పర్లేదు.

తమాషా ఏమిటంటే, పోటు వచ్చినప్పుడు రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ ఒక్కోసారి మామూలుగానే కనబడుతుంది, ఆ పోటు కూడా ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. "చూశావా, పాలకూర మానగానే!" అంటూ ఆయన పక్కింటివాళ్ల మోకాలు చూడ్డానికి బయల్దేరతాడు.